మరపుపై పోరు

1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్, మతిమరపుతో మరణించిన ఒక స్త్రీ మెదడును పరీక్షించి, అందులో పేరుకున్న పదార్థాన్ని, చిక్కుపడిన తంతువులను గుర్తించాడు. ఆ పదార్థం అమిలాయిడ్ అనే మాంసకృత్తు. దానిని తొలగిస్తే వ్యాధి నశిస్తుందని శాస్త్రజ్ఞులు ఆశించారు. 1999లో ఒక టీకా ఎలుకల మెదళ్ళలో దానిని తొలగించింది. మనుషులపై ప్రయోగించగా కొందరికి మెదడువాపు రావడంతో 2002లో పరీక్ష ఆగిపోయింది. టీకా పొందిన కొందరి మెదళ్ళను మరణానంతరం పరిశీలిస్తే, అమిలాయిడ్ తొలగినా మతిమరపు ముదిరినట్లు తేలింది.

అయినా ఆ కృషి వ్యర్థం కాలేదు. అమెరికాలో 2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే మందు, తొలిదశ రోగులలో 18 నెలల కాలంలో క్షీణతను సుమారు 27 శాతం మందగింపజేసింది. అయితే దీనివల్ల కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కలుగుతాయి. పోయిన జ్ఞాపకాలు తిరిగిరావు. నాడీకణాలు నశించకముందే వాటిని కాపాడడమే నేటి పరిశోధనల ధ్యేయం.