చాప్టర్ పెట్టుకున్నాం, తర్వాతేం చేయాలి?

మహిళా ఇంజనీర్లు ఏ ఊళ్లో ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఒక చాప్టర్‌గా కూడాలని పోయిన నెల రాశాను. అప్పటినుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా విద్యుత్ శాఖలో పనిచేశాను. అందులో సగం కాలం ఇలాంటి ఒక సంఘం పనులు చూశాను. ఆ అనుభవంతో తెలిసిన మేరకు జవాబులు ఇస్తున్నాను.

* * *

మేడం గారూ, మేం నీటిపారుదల, ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ శాఖల్లో ఏఈఈలం. పదకొండు మందిమి కలిసి చాప్టర్ పెట్టుకున్నాం. మార్చి 8న జ్యోతి ప్రజ్వలన, ముగ్గుల పోటీ, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, అన్నీ ఘనంగా జరిగాయి. ఏప్రిల్ మీటింగుకు నలుగురు వచ్చారు. మే నెలలో ఇద్దరమే. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక ఏఈఈ, వరంగల్

ముగ్గుల పోటీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదమ్మా. అయితే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ రోజు వచ్చిన పదకొండు మందిలో ఎవరైనా మర్నాడు సైటులో అక్కరకొచ్చే ముక్క ఒక్కటైనా నేర్చుకుని ఇంటికి వెళ్లారా? వెళ్లి ఉంటే ఏప్రిల్‌లో కూడా వచ్చేవారు. ఆదివారం పూట వంట తొందరగా ముగించి, పిల్లల్ని ఎవరికో అప్పగించి, బస్సెక్కి రావాలంటే అందుకు తగినది అక్కడ దొరకాలి.

నేను ఏఈగా చేరిన కొత్తలో నన్ను లైన్ల మీదకు పంపేవారు కాదు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ ఎండ" అని ఎంతో ఆప్యాయంగా ఆఫీసులో కూర్చోబెట్టి రిటర్నులు రాయించేవారు. వాళ్ల ఆప్యాయతను శంకించను. కానీ నాతోపాటు చేరిన మగవాళ్లు రెండేళ్లు తిరిగేసరికి, ఫీడర్ ట్రిప్పయితే రిలే మీద పడిన ఫ్లాగు చూసి లోపం ఎక్కడో ఊహించగలిగేవారు. నాకు ఫైలు నంబర్లు కంఠతా వచ్చేవి, అంతే.

ఆ లోటు తీర్చింది మా సంఘంలోని ఒక పెద్దావిడ. పై అధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఒక ఆదివారం మా ఆరుగురినీ 132 కేవీ సబ్‌స్టేషన్‌కు తీసుకెళ్లారు. కంట్రోల్ రూమ్‌లో సింగిల్ లైన్ డయాగ్రమ్ ముందు నిలబెట్టి, ఫీడర్‌ను సప్లై నుంచి తప్పించే వరస మా నోటితోనే చెప్పించారు. ముందు బ్రేకర్, తర్వాత ఐసోలేటర్లు, ఆ తర్వాతే ఎర్త్ స్విచ్. మళ్లీ ఛార్జ్ చేసేటప్పుడు అదే వరస తిరగేసి. లోడు నడుస్తుండగా ఐసోలేటర్ తెరిస్తే ఎలాంటి మంట లేస్తుందో, లైను మీద పనికి అనుమతి (ఎల్‌సీ) తీసుకున్నవాళ్లు దాన్ని తిరిగి ఇచ్చేలోపు లైను ఛార్జయితే ఏమవుతుందో తాను కళ్లారా చూసినవి చెప్పారు. ఎర్త్ టెస్టర్ చేతికిచ్చి రీడింగు తీయించారు. అంత పెద్ద సబ్‌స్టేషన్‌లో అది 1 ఓమ్ దాటకూడదని పుస్తకంలో ఎప్పుడో చదివాను. ముల్లు కదలడం చూసింది మాత్రం ఆ రోజే. తర్వాతి నెల మీటింగుకు మేం ఆరుగురం మరో ఐదుగురిని వెంటబెట్టుకుని వెళ్లాం.

మీ శాఖల్లో ఇలాంటి విషయాలకు కొదవ లేదు. ఒక నెల ఎం-బుక్ పెట్టుకోండి. కొలతలు ఎలా ఎక్కించాలి, తప్పు పడితే ఎలా కొట్టేసి సంతకం పెట్టాలి, చెక్ మెజర్‌మెంట్‌లో పైవాళ్లు ఏం చూస్తారు, కొలవని పనికి సంతకం పెట్టమని కాంట్రాక్టర్ ఒత్తిడి తెస్తే ఏం రాసి తప్పించుకోవాలి. ఈ చివరిది ఏ కాలేజీలోనూ చెప్పరు. మగవాళ్లు టీ కొట్టు దగ్గర సీనియర్ల నోట వింటారు, మనం ఆ టీ కొట్టు దగ్గర ఉండం. ఇంకో నెల జరుగుతున్న పని దగ్గరికి వెళ్లి స్లంప్ కోన్ మీ చేతులతో నింపి ఎత్తండి. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, 28 రోజుల తర్వాత అదే గుంపు ల్యాబ్‌కు వెళ్లి వాటిని నలగ్గొట్టించి చూడండి. క్యూబుల మీద పేర్లు రాసుకున్నవాళ్లు తర్వాతి మీటింగు ఎగ్గొట్టరు, నా మాట నమ్మండి.

మీటింగు టైము గురించి కూడా ఒక మాట. పాలు తాగే బిడ్డ ఉన్న సభ్యురాలినీ, అందరికన్నా దూరపు సైటులో పనిచేసే సభ్యురాలినీ ముందుగా అడిగి, వాళ్లకు వీలైన గంట పెట్టండి. పిల్లల్ని తీసుకురావచ్చని కబురులోనే రాయండి. గంటన్నర దాటనివ్వకండి. చివరి అరగంట "ఈ నెల నా పనిలో వచ్చిన చిక్కు" అని ఒక్కొక్కరూ చెప్పుకోవడానికి వదిలేయండి. మా సంఘంలో అసలు మీటింగు ఆ అరగంటే.

* * *

మాది ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. ఐ ట్రిపుల్ ఈ స్టూడెంట్ బ్రాంచ్ ఉంది. అందులో విమెన్ ఇన్ ఇంజనీరింగ్ విభాగం పెట్టాలంటే ఎంతమంది కావాలి? అబ్బాయిలు చేరవచ్చా? యాజమాన్యం పెద్ద ఫెస్ట్ చేయమంటోంది.
– ఈసీఈ మూడో సంవత్సరం విద్యార్థిని, భీమవరం

ఐ ట్రిపుల్ ఈ సభ్యత్వం ఉన్న ఆరుగురు సంతకం చేసి అర్జీ పెడితే చాలు తల్లీ. అబ్బాయిలు నిరభ్యంతరంగా చేరవచ్చు. అమెరికాలోని సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ కూడా 1976 నుంచి మగవాళ్లకు సభ్యత్వం ఇస్తోంది.

ఫెస్ట్ ఏడాదికి ఒకటి చాలు. మిగతా నెలల్లో ల్యాబ్‌ను సాయంత్రం రెండు గంటలు తెరిపించమని మీ హెచ్‌ఓడీ గారిని అడగండి. ల్యాబ్ బ్యాచుల్లో అబ్బాయిలు కనెక్షన్లు ఇవ్వడం, అమ్మాయిలు రికార్డు రాయడం చాలా కాలేజీల్లో చూశాను. అందుకే ఆ రెండు గంటలూ సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ అమ్మాయిల చేతుల్లోనే ఉండాలి. ఇంకొకటి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు సీనియర్ల చేత ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయించండి. ముందు ప్రాజెక్టు గురించి తెలుగులో చెప్పించి, అదే విషయం ఇంగ్లిషులో మళ్లీ చెప్పించండి. విషయం మీద పట్టు ఉండి కూడా మాట దగ్గర ఆగిపోయేవాళ్లు మీ క్లాసులోనే ఎందరున్నారో అప్పుడు మీకు తెలుస్తుంది.

* * *

సంఘాన్ని రిజిస్టర్ చేయించడం తప్పనిసరా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

మొదట్లో అవసరం లేదు. ఏదైనా పెద్ద సంస్థకు అనుబంధంగా ఉంటే వాళ్ల నియమాలే మీకూ వర్తిస్తాయి. విడిగా నడపాలనుకుంటే, చందాలు వసూలు చేసి బ్యాంకు ఖాతా తెరవాల్సి వచ్చినప్పుడు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోండి. ఏడుగురు ఉంటే చాలు. ఖాతా మీద ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఖర్చుల లెక్క ప్రతి మీటింగులో చదివి వినిపించండి.

* * *

అమ్మా, మా అమ్మాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది. వారమంతా కనిపించదు, ఆదివారం వస్తే మహిళా ఇంజనీర్ల మీటింగంటూ వెళ్లిపోతుంది. జీతమా పెరగదు, ప్రమోషనా రాదు. ఈ సంఘాల వల్ల ఒరిగేదేమిటి?
– ఒక తల్లి, తెనాలి

కూతురితో ఒక పూటైనా గడపాలన్న మీ కోరిక న్యాయమైనదే. దానికి ఎదురు చెప్పను. మన తెలుగింటి ఆడపడుచు ఒకామె సంగతి చెబుతాను, వినండి.

అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లయింది. పద్దెనిమిదో ఏట భర్త పోయేనాటికి చేతుల్లో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ రోజుల్లో విధవరాలి బతుకు ఎలా ఉండేదో మీ అమ్మమ్మ గారి తరం మీకు చెప్పే ఉంటుంది. ఆమె మాత్రం చదువుకుంటానన్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. అంతవరకూ ఆడపిల్ల అడుగుపెట్టని కాలేజీలో ఆయన కూతురికి ప్రవేశం ఇప్పించారు. ఆ తర్వాత సివిల్ ఇంజనీరింగ్‌లో మరో ఇద్దరు అమ్మాయిలు, లీలమ్మ జార్జ్, పి.కె. థ్రేసియా చేరారు. చేతికిచ్చిన పట్టాల్లో 'హీ' అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి 'షీ' అని రాయాల్సి వచ్చింది. అలా 1943లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు చేశారు. భాక్రా నంగల్ పనుల్లోనూ ఆమె చేయి ఉంది.

ఇక మీరడిగిన సంఘం దగ్గరికి వస్తాను. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. నిర్వహించింది సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్. లలిత గారు ఆ సదస్సుకు వెళ్లారు. మరుసటి ఏడాది లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన రెండో సదస్సుకు మన దేశం తరఫున ప్రతినిధి బాధ్యత తీసుకున్నారు. పట్టా పుచ్చుకుని ఇరవై ఏళ్లు దాటాక, ఉద్యోగంలో పేరు తెచ్చుకున్నాక ఆమెకు సంఘంతో పనేముందంటారా? అన్నేళ్లు ఆఫీసులో తనలాంటి మనిషి మరొకరు లేకుండా పనిచేసిన ఆమెకు, తన పని భాష మాట్లాడే ఆడవాళ్లు గదినిండా కనిపించిన రోజు అది. మీ అమ్మాయి ఆదివారం వెతుక్కుంటూ వెళ్లేది కూడా దాన్నే కావచ్చు. ఒకసారి మీరూ తోడు వెళ్లి చివరి వరస కుర్చీలో కూర్చుని రండి. ఆ పూట ఆమెతోనే ఉన్నట్టూ ఉంటుంది.

* * *

మా సైటులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఉదయం నుంచి మంచినీళ్లు తాగకుండా ఉంటాను. నాతో పనిచేసే మరో అమ్మాయికి పై అధికారి వేధింపులు కూడా ఉన్నాయి. ఈ రెండూ చాప్టర్‌లో లేవనెత్తవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు

ముందు మంచినీళ్లు తాగండి తల్లీ. నీళ్లు మానేసి మూత్రకోశ ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మొదటి సమస్యను చాప్టర్ తప్పకుండా చేపట్టాలి. నిర్మాణ స్థలంలో మరుగుదొడ్లు ఉండాలన్నది 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమం. అది కూలికి వచ్చే ఆడవాళ్లకూ వర్తిస్తుంది. కాబట్టి పై అధికారికి ఇచ్చే ఉత్తరంలో వాళ్ల సంగతి కూడా రాయండి. సభ్యులు పనిచేసే సైటులన్నీ తిరిగి, ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, తలుపు గొళ్లెం పడుతుందా, నీళ్లు వస్తున్నాయా అని ఒక కాగితం మీద పట్టిక వేసి, చాప్టర్ పేరుతో పై అధికారికి ఇవ్వండి. కొత్త పనులకు ఎస్టిమేట్ వేసేటప్పుడే తాత్కాలిక మరుగుదొడ్డి ఖర్చు కలపమని అడగండి. టెండరు పిలిచాక అడిగితే డబ్బు ఎక్కడిదంటారు. సేఫ్టీ షూల సైజులు కూడా ఆ ఉత్తరంలోనే రాయండి. మా స్టోర్లో అన్నీ మగవాళ్ల సైజులే ఉండేవి. రెండు జతల మేజోళ్లు తొడుక్కుని స్టీలు నిచ్చెనలు ఎక్కిన రోజులు నాకింకా గుర్తే.

రెండోదాన్ని మాత్రం మీటింగులో చర్చకు పెట్టవద్దు. పేరు బయటపడితే ఆ అమ్మాయికే నష్టం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. చాప్టర్‌లో నమ్మకమైన ఒకరిద్దరు ఆమె పక్కన కూర్చుని తేదీలు, మెసేజీలు వరసగా రాయించి, ఫిర్యాదు ఇచ్చే రోజు తోడు వెళ్లండి. ఆమె ఒప్పుకుంటేనే. ఆలస్యం మాత్రం చేయకండి.

* * *

పాప పుట్టాక ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది. చాప్టర్‌కు రమ్మంటున్నారు. ఉద్యోగం లేనిదాన్ని, అక్కడ కూర్చోవాలంటే మొహమాటంగా ఉంది.
– స్ట్రక్చరల్ ఇంజనీర్, విశాఖపట్నం

మీరు ఇప్పటికీ ఇంజనీరే అని ఉత్తరం కింద మీ చేత్తోనే రాశారు చూడండి. వెళ్లండి. చాప్టర్ పెద్దలకు నా మనవి: విరామంలో ఉన్నవాళ్ల దగ్గర చందా తీసుకోకండి. ఈ చెల్లెలి పక్కన ఒక సీనియర్‌ను కూర్చోబెట్టి, ఇప్పుడు నడుస్తున్న పని నుంచి ఒక చిన్న ఫ్రేమ్ తీసుకుని స్టాడ్‌లోనో ఈటాబ్స్‌లోనో చేయించండి. నాలుగు ఆదివారాలు చాలు, చేయి మళ్లీ తిరుగుతుంది. ఇంటర్వ్యూలో విరామం గురించి అడిగితే సంజాయిషీ ఇచ్చుకోవద్దు, చేసిన ఆ ఫ్రేమ్ చూపించమనండి. చేరబోయే సంస్థలో 50 మందో అంతకు మించో ఉంటే పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని చట్టం ఉంది. అడగడానికి సంకోచించకండి.

* * *

నేను డాలస్‌లో ఉంటాను. నేను చదివిన కాలేజీ అమ్మాయిలకు ఇక్కడి నుంచి ఏమైనా చేయగలనా?
– ఒక ప్రవాసాంధ్ర పాఠకురాలు

చేయగలరు. వేసవిలో మీకు శనివారం రాత్రి తొమ్మిదంటే ఇక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర. హాస్టల్లో అప్పటికి టిఫిన్ గంట మోగి ఉంటుంది. ఏడాదికొక ప్రసంగం ఇవ్వడం కన్నా, ఇద్దరు అమ్మాయిలను ఎంచుకుని నెలకోసారి వాళ్ల ప్రాజెక్టు గురించి మాట్లాడండి.

* * *

మా చాప్టర్ తరఫున జిల్లా పరిషత్ హైస్కూల్లో అమ్మాయిలకు అవగాహన సదస్సు పెట్టాలనుకుంటున్నాం. ఏం మాట్లాడాలి?
– చాప్టర్ కార్యదర్శి, అనంతపురం

మాటలు తగ్గించి, పాత ఎనర్జీ మీటరో పాడైపోయిన టేబుల్ ఫ్యానో పట్టుకెళ్లండి. స్క్రూడ్రైవర్లు పిల్లల చేతికివ్వండి. ఫ్యాను విప్పి, కాయిల్, కెపాసిటర్, బేరింగు వాళ్లే బయటికి తీయాలి. తిరిగి బిగించాక అది తిరిగితే ఆ గదిలో వచ్చే కేక వినడం కోసం నేను చాలా స్కూళ్లు తిరిగాను.

తర్వాత దారి చెప్పండి. పదో తరగతి కాగానే పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరవచ్చు. అక్కడి నుంచి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. ఇంటర్ చదివించే స్తోమత లేని ఇళ్లలో ఈ దారి ఉందని కూడా చాలామందికి తెలియదు. డిప్లొమాలో గానీ బీటెక్‌లో గానీ చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంటి నుంచి ఇద్దరమ్మాయిల వరకు తీసుకోవచ్చు. ఈ వివరాలు తెలుగులో ఒక్క పేజీకి సరిపోయేలా రాసి, ఇంటికి పట్టుకెళ్లడానికి పిల్లలందరికీ ఇవ్వండి. వాటిని చదవాల్సింది వాళ్ల నాన్నలు.

వచ్చేటప్పుడు లెక్కల టీచరు గారి ఫోన్ నంబరు తీసుకోండి. పాలీసెట్ ఫలితాలు వచ్చిన వారంలో ఆమెకు ఫోన్ చేసి, ఎవరికి ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌కు తోడు ఎవరు వెళ్తున్నారు అని అడగండి. తోడు లేని పిల్లతో మీలో ఒకరు సెలవు పెట్టి వెళ్లండి.