సులభమైన సబ్జెక్టు ఏది?

ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితములు వెలువడిన మరునాటినుండి మా గది ముందర తల్లిదండ్రులు వేచియుండుట ప్రతి సంవత్సరము జరుగుచున్నదే. సింధనూరు క్యాంపులనుండియు, మాన్వి వైపునుండియు వచ్చినవారు మార్కుల పట్టికను బల్లపై పెట్టి, సైన్సా కామర్సా అని అడుగుటకు ముందే, "అయ్యా, పి.యు.సి.లో ఏ భాష తీసికొనిన మార్కులు సులభముగా వచ్చును?" అని అడుగుచున్నారు. ప్రశ్నలో దోషము లేదు. తక్కువ ఖర్చుతో పండు వంగడమేదని విచారింపని రైతు కలడా? కాని విత్తనమును గూర్చి అడుగువాడు నేలను గూర్చియు అడుగును. ఆ రెండవ ప్రశ్న మాకు అరుదుగా వినబడుచున్నది.

మొదట లెక్క చూతము. పి.యు.సి.లో రెండు భాషలు, నాలుగు ఐచ్ఛిక విషయములు కలవు. ఒక్కొక్కటి 100 మార్కుల చొప్పున మొత్తము 600. మన పిల్లలలో చాలమంది ఇంగ్లీషును ఒక భాషగా ఉంచుకొని, రెండవదానికై వెదకుదురు. ఆ పట్టికలో కన్నడము, హిందీ, సంస్కృతము, ఉర్దూలతోపాటు తెలుగును కలదు. అయినను పదవ తరగతిలో 125 మార్కులకు ప్రథమ భాషగా తెలుగు చదివిన బాలుడు, ఒక్క అక్షరమైన ఎరుగని సంస్కృతమునకు పోవుచున్నాడు. కారణము దాచవలసినది కాదు. సంస్కృత పత్రమున అనేక ప్రశ్నలకు కన్నడమునగాని ఇంగ్లీషునగాని సమాధానము వ్రాయవచ్చును. సరిహద్దు కావల తెలుగు రాష్ట్రముల ఇంటర్మీడియెటులోను ఇదే ధోరణి. తెలుగు అధ్యాపకుడు లేని కళాశాలలు మన ప్రాంతమున ఉన్నవన్నది రెండవ కారణము. ఇది బాలుని తప్పు కాదు.

ఇంతకును ఆ మార్కులు ఎక్కడ పనికివచ్చును? ఇంజనీరింగు ర్యాంకును సాధారణముగా సి.ఇ.టి. మార్కులు సగము, పి.యు.సి.లోని భౌతిక, రసాయన, గణిత శాస్త్రముల మార్కులు సగము కలిపి నిర్ణయింతురు. భాష అందు చేరదు. వైద్యవిద్యకు నీట్ పరీక్షయే ఆధారము. భాషలో వచ్చిన 98 మొత్తము శాతమును పెంచును. బంధువులకు చెప్పుకొనుటకు పనికివచ్చును. ఇది తెలియకయే అనేకులు రెండేండ్లు ఒక భాషను వదలుకొనుచున్నారు.

మా పూర్వవిద్యార్థి ఒకడు కలడు. చక్కని దస్తూరి, తెలుగు వ్యాసరచనలో మొదటివాడు. కన్నడమును బాగుగనే వ్రాసెడివాడు. పి.యు.సి.లో రెంటిని విడిచి సంస్కృతమున 96 మార్కులు తెచ్చుకొనెను. మేమును సంతోషించితిమి, అబద్ధమేల? పట్టభద్రుడైన పిమ్మట కర్ణాటక లోకసేవా ఆయోగపు గెజిటెడ్ ప్రొబేషనర్ల పరీక్షకు కూర్చుండెను. అందు కన్నడ పత్రము తప్పనిసరి. దాని మార్కులు ర్యాంకునకు చేరవు గాని, అది తప్పినచో తక్కినవి ఎన్ని వచ్చినను ఫలము లేదు. అతడు అక్కడ ఆగిపోయెను. 371-జె అధికరణము వలన మన జిల్లావారికి ఉద్యోగములలో స్థానిక రిజర్వేషను కలదు. కాని కన్నడ వ్యాసమును ఎవరును మనకై వ్రాసిపెట్టరు. "పదవ తరగతి తరువాత ఒక్క పేజీయైన కన్నడమున వ్రాయలేదండీ" అని మాతో అనెను. సంస్కృతము మాటయేమని అడిగితిమి. నవ్వి ఊరకుండెను.

సంస్కృతమును తక్కువ చేయుట మా ఉద్దేశ్యము కాదు. ఇష్టపడి చదువువానికి దానిని మించినది లేదు. అట్లే, గణితముతోనే సతమతమగుచున్న పిల్లకు ఒక తేలిక సబ్జెక్టు ఊపిరి తీసికొనుటకు తావిచ్చును. అట్టివారికి మేమే అటువంటి సలహా ఇచ్చితిమి. బాగుగా చదువగలవాడు సైతము తేలికదానినే వెదకుట మమ్ము బాధించుచున్నది.

2021-22లో డిగ్రీ కళాశాలలలో నూతన విద్యావిధానము వచ్చినప్పుడు, సైన్సు విద్యార్థి చరిత్రనో, కామర్సు విద్యార్థి మనస్తత్వశాస్త్రమునో రుచి చూడవలెనని ఓపెన్ ఎలెక్టివులు పెట్టిరి. పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మాస్టరు మార్కులు ధారాళముగా వేయును?" 2024-25 నుండి మరల మూడేండ్ల డిగ్రీయే వచ్చినది. విధానము మారినది, ప్రశ్న మారలేదు. అమెరికాలో హార్వర్డు అధ్యక్షుడు ఎలియట్ 1869 తరువాత విద్యార్థులకు ఎంపికలో విశేష స్వేచ్ఛ నిచ్చెను. అనేకులు తేలికవాటినే ఏరుకొనుచున్నారని విమర్శలు రాగా, అతని తరువాతి అధ్యక్షుడు లోవెల్ కట్టుబాట్లు విధించెను. కనుక ఇది మన క్యాంపుల పిల్లల జాడ్యము మాత్రమే కాదు.

మన పెద్దల కాలమున ఇట్టి ఎంపికయే లేదు. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. గద్వాల, అలంపురము తాలూకాలును అప్పుడు రాయచూరువే. 1918లో స్థాపితమైన ఉస్మానియాలో చదువబోయిన తెలుగు బాలుడు చరిత్రమును, గణితమును ఉర్దూలో చదువవలసివచ్చెను. ఆ బలవంతము మేలని మేమనము.

రాబోవు మే నెలలో మా గదికి వచ్చునపుడు బాలుని గూడ వెంట తీసికొనిరండు. అతని తెలుగు, కన్నడ నోటుపుస్తకములు పారవేయక వానిని గూడ తెండు. ఏ కళాశాలలో తెలుగు చెప్పువారు కలరో ఫారము నింపకముందే విచారించి చెప్పుట మా పని. పదిమంది పిల్లలు కలిసి ఒకే కళాశాలలో తెలుగు కోరినచో, ప్రిన్సిపాలుగారిని కలిసికొనుటకు మేమును మీతో వత్తుము.