ఇంటర్ అర్థశాస్త్రం: పెన్సిల్ పట్టుకుని చదవాల్సిన సబ్జెక్టు

సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ గ్రూపుల్లో చేరిన పిల్లల్లో చాలామంది అర్థశాస్త్రాన్ని చదివి అప్పజెప్పే సబ్జెక్టుగానే చూస్తారు. సంక్రాంతి సెలవులు అయ్యాక గైడ్ కొని, 'ఇంపార్టెంట్' అని గుర్తు పెట్టిన ప్రశ్నలు బట్టీ పడితే గట్టెక్కుతామని వాళ్ల నమ్మకం. గట్టెక్కడం వరకైతే అది నిజమే. 35 మార్కులు తెచ్చుకోవడం ఈ పేపర్లో పెద్ద కష్టం కాదు. అరవై దగ్గర ఆగిపోయేవాళ్లు కూడా పాపం తక్కువేమీ చదవరు. కాకపోతే తొంభై దాటే విద్యార్థి పట్టిక వేస్తాడు, పటం గీస్తాడు, ఆ పటం ఏం చెబుతోందో తన మాటల్లో రాస్తాడు. ఈ మూడు పనులూ జూన్ నుంచే అలవాటు కావాలి. ఫిబ్రవరిలో మొదలుపెడితే చెయ్యి తిరగదు.

ముందు ప్రశ్నపత్రం సంగతి. తెలంగాణ ఇంటర్ బోర్డు కొన్నేళ్లుగా అనుసరిస్తున్న నమూనాలో వంద మార్కులకు మూడు సెక్షన్లు. 'ఎ'లో అయిదింటికి మూడు, ఒక్కోటి 10 మార్కులు. 'బి'లో పన్నెండింటికి ఎనిమిది, ఒక్కోటి 5 మార్కులు. 'సి'లో ఇరవైకి పదిహేను, ఒక్కోటి 2 మార్కులు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారిత పుస్తకాలు వచ్చాయి. అక్కడి పిల్లలు పాత గైడ్లను పక్కన పెట్టి, బోర్డు ఇచ్చిన కొత్త మాదిరి పత్రాన్నే నమ్ముకోవాలి. తెలంగాణ వాళ్లు కూడా ఏడాది మొదట్లోనే ఆ ఏటి మాదిరి పత్రాన్ని బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది.

ఈ మూడు సెక్షన్లలో ఎక్కువ బరువున్నది లాంగ్ ఆన్సర్లకు కాదు, అయిదు మార్కుల ప్రశ్నలకు. అక్కడ 40 మార్కులున్నాయి. అయినా పిల్లలు తమ శక్తినంతా మూడు పెద్ద ప్రశ్నల మీదే పెడతారు. పరీక్షలో మొదటి గంటన్నర వాటికే ఖర్చు చేసి, చివరి అరగంటలో అయిదు మార్కుల జవాబులను నాలుగేసి వాక్యాలతో ముగిస్తారు. మూడు గంటల్ని ఇలా పంచుకోండి: పెద్ద ప్రశ్నకు ఇరవై నిమిషాల చొప్పున గంట, అయిదు మార్కుల ప్రశ్నకు తొమ్మిది నిమిషాల చొప్పున 72 నిమిషాలు, రెండు మార్కుల ప్రశ్నకు రెండు నిమిషాల చొప్పున అరగంట. ఇంకా 18 నిమిషాలు మిగులుతాయి. ప్రశ్నపత్రం నెమ్మదిగా చదవడానికి, పటాలకు పేర్లు పెట్టామా లేదా అని సరిచూసుకోవడానికి అవి సరిపోతాయి.

ఇక చదివే పద్ధతి. మొదటి ఏడాదిలో దాదాపు అందరూ సిద్ధం చేసుకునే క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్నే తీసుకుందాం. మండుటెండలో ఇంటికి వచ్చిన మనిషి వరుసగా మజ్జిగ గ్లాసులు తాగుతున్నాడనుకోండి. మొత్తం ప్రయోజనం మొదటి గ్లాసుకు 20, రెండో గ్లాసు కలిపితే 35, మూడోది కలిపితే 45, నాలుగోదానితో 50. అయిదో గ్లాసు తాగినా 50 దగ్గరే నిలిచింది. ఆరోదానితో 45కు పడిపోయింది. ఒక్కో అదనపు గ్లాసు ఇచ్చిన ఉపాంత ప్రయోజనం చూడండి: 20, 15, 10, 5, సున్నా, ఆపైన రుణాత్మకంగా 5. ఈ ఆరు వరుసల పట్టికను మీరే తయారు చేసుకుంటే సూత్రం మొత్తం అందులోనే కనిపిస్తుంది. ఉపాంత ప్రయోజనం ధనాత్మకంగా ఉంటూ తగ్గుతున్నంతకాలం మొత్తం ప్రయోజనం తగ్గుతున్న రేటులో పెరుగుతుంది. ఉపాంత ప్రయోజనం సున్నా అయిన చోట మొత్తం ప్రయోజనం గరిష్ఠం. అది రుణాత్మకమైతే మొత్తం తగ్గుతుంది. ఈ మూడు వాక్యాలూ పట్టికలోంచి చదివి రాయాల్సినవి. వాటిని విడిగా కంఠస్థం చేసినవాళ్లే పరీక్షలో తారుమారు చేసి రాస్తారు.

అదే పట్టికను పటంగా మార్చండి. ఓఎక్స్ అక్షం మీద గ్లాసుల సంఖ్య, ఓవై అక్షం మీద ప్రయోజనం. మొత్తం ప్రయోజన రేఖ శిఖరం ఎక్కడుందో సరిగ్గా దాని కింద ఉపాంత ప్రయోజన రేఖ ఓఎక్స్ అక్షాన్ని తాకాలి. చాలా జవాబుపత్రాల్లో ఈ రెండు బిందువులూ ఒకే నిలువు గీతలో ఉండవు. అలా గీసిన పటం కింద ఎంత చక్కని వివరణ రాసినా, సూత్రం అర్థం కాలేదని దిద్దేవారికి చూడగానే తెలిసిపోతుంది. ఆ తర్వాత ప్రమేయాలు, మినహాయింపులు, ప్రాముఖ్యం. వాటికి గైడ్‌లో ఉన్నంత పొడవు అక్కర్లేదు.

పటాల విషయంలో ఇలాంటి కీలక బిందువులు ప్రతి పాఠంలోనూ ఒకటో రెండో ఉంటాయి. చరానుపాతాల సూత్రంలో ఉపాంత ఉత్పత్తి రేఖ సగటు ఉత్పత్తి రేఖను దాని గరిష్ఠ బిందువు దగ్గర ఖండిస్తుంది. మొదటి దశ అక్కడ ముగుస్తుంది. మొత్తం ఉత్పత్తి గరిష్ఠమై ఉపాంత ఉత్పత్తి సున్నా అయిన చోట రెండో దశ ముగుస్తుంది. వ్యయాల పాఠంలో ఉపాంత వ్యయ రేఖ సగటు వ్యయ రేఖను కనిష్ఠ బిందువు దగ్గర, కింది నుంచి వచ్చి ఖండించాలి. పరిపూర్ణ పోటీలో సంస్థకు సగటు రాబడి, ఉపాంత రాబడి ఒకే అడ్డగీత. ఏకస్వామ్యంలో రెండూ కిందికి వాలుతాయి, ఉపాంత రాబడి సగటు రాబడికి దిగువన ఉంటుంది. ఒక తెల్ల నోట్‌బుక్కు వీటి కోసమే పెట్టుకుని, వారానికి రెండు మూడు పటాల చొప్పున పుస్తకం చూడకుండా గీయండి. స్కేలు, పెన్సిలు తప్పనిసరి. గీశాక పుస్తకంతో పోల్చి, ఖండన బిందువులు సరిగా పడ్డాయా అన్నది మాత్రం చూడండి. గీత అందం ముఖ్యం కాదు.

డిమాండ్ వ్యాకోచత్వం దగ్గర పిల్లలు ఎక్కువగా భయపడతారు. నిజానికి మన రైతుల కష్టాన్ని ఇంత సూటిగా చెప్పే పాఠం మొత్తం సిలబస్‌లో ఇంకొకటి లేదు. మదనపల్లె టమాటా మార్కెట్ తెలియనివాళ్లు ఉండరు. కిలో 40 రూపాయలున్నప్పుడు ఒక వీధిలో రోజుకు వంద కిలోలు అమ్ముడయ్యాయనుకుందాం. రాబడి 4,000 రూపాయలు. పంట విరగపండి ధర 20కి పడిపోయింది. టమాటా చవకైంది కదా అని ఎవరూ రెట్టింపు కూర తినరు, అమ్మకం 120 కిలోలకు పెరిగింది. ఇప్పుడు రాబడి 2,400. ధర 50 శాతం తగ్గితే డిమాండ్ 20 శాతమే పెరిగింది. ఇరవైని యాభైతో భాగిస్తే 0.4. ఒకటి కంటే తక్కువ కాబట్టి ఇది అవ్యాకోచ డిమాండ్. దిగుబడి బాగా వచ్చిన ఏడాదే రైతు టమాటాను రోడ్డు మీద పారబోసి వెళ్లడానికి వెనుక ఉన్న లెక్క ఇదే. ఈ ఉదాహరణను రెండు వాక్యాల్లో జవాబులో చేర్చినా ఆ జవాబు గైడ్ నుంచి దిగుమతైనట్టు ఉండదు. ధరలూ కిలోలూ మార్చి ఇలాంటి లెక్కలు సొంతంగా నాలుగైదు చేసి చూడండి.

సిద్ధాంతాల పాఠాల్లో పేర్లు, సంవత్సరాలు కలగాపులగం కాకుండా ఉండాలంటే ఒక్కో పేరు వెనుక ఉన్న ప్రశ్నను పట్టుకోవాలి. 1776లో ఆడమ్ స్మిత్ దేశాల సంపద ఎక్కడి నుంచి వస్తుందని అడిగాడు. 1890లో మార్షల్ ఆ సంపద మనిషి శ్రేయస్సుకు సాధనం మాత్రమే అన్నాడు. 1932లో రాబిన్స్ కోరికలు అపరిమితం, సాధనాలు పరిమితం, అందుకే ఎంపిక తప్పదు అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వాదించుకున్నట్టుగా చదివితే నిర్వచనాలు వాటంతటవే గుర్తుంటాయి. ఉద్యోగితా సిద్ధాంతం కూడా అంతే. సప్లయి తన డిమాండ్‌ను తానే సృష్టించుకుంటుందని జె.బి. సే చెప్పిన సూత్రం మీద సంప్రదాయ సిద్ధాంతం నిలబడింది. 1929లో మొదలైన మహా మాంద్యంలో సరుకు గోదాముల్లో ఉండిపోయింది, కార్మికులు వీధిన పడ్డారు. సే సూత్రం ప్రకారం జరగకూడనిదే జరిగింది. ఆ అనుభవం తర్వాత, 1936లో, కీన్స్ సార్థక డిమాండ్ గురించి రాశాడు. ఈ కథ తెలిసిన విద్యార్థికి సంప్రదాయ సిద్ధాంతం మీద విమర్శలు వేరే చదవాల్సిన పని తక్కువ.

జాతీయాదాయ భావనలను ఒకే వరుసగా రాసుకోండి. స్థూల దేశీయోత్పత్తికి విదేశాల నుంచి వచ్చే నికర కారక ఆదాయం కలిపితే స్థూల జాతీయోత్పత్తి. దాంట్లోంచి తరుగుదల తీసేస్తే నికర జాతీయోత్పత్తి. పరోక్ష పన్నులు తీసి, సబ్సిడీలు కలిపితే ఉత్పత్తి కారకాల దృష్ట్యా జాతీయాదాయం. గణాంకాల పాఠాన్ని మాత్రం ఎవరూ వదలకూడదు. 7, 7, 9, 12, 15 అనే అయిదు అంకెలకు అంకమధ్యమం 10, మధ్యగతం 9, బాహుళకం 7 అని అయిదు నిమిషాల్లో తేల్చగలిగితే ఆ మార్కులు పూర్తిగా మీవే. అభిప్రాయానికి చోటులేని ప్రశ్నలు కాబట్టి దిద్దేవారు కోత వేయడానికీ ఏమీ ఉండదు.

రెండో ఏడాది భారత ఆర్థిక వ్యవస్థకు వచ్చేసరికి ఇబ్బంది వేరు. అక్కడ పటాలు తక్కువ, లెక్కలు ఎక్కువ. ఏ అంకె రాసినా అది ఏ సంవత్సరానిదో పక్కనే రాయాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన జనాభా 121 కోట్లు. '2011' లేకపోతే ఆ 121కి విలువ లేదు. సంవత్సరాలను గుత్తులుగా కాకుండా కారణంతో గుర్తుపెట్టుకోండి. 1921ని మహా విభజన సంవత్సరం అంటారు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మరణాల వల్ల 1911-21 దశాబ్దంలో దేశ జనాభా పెరగకపోగా తగ్గింది, 1921 తర్వాత మళ్లీ తగ్గలేదు. 1991 జులై 24న వచ్చిన పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు అవసరం తీసేసింది. అప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు, పరిశ్రమల శాఖ కూడా ఆయన దగ్గరే ఉంది. ప్రణాళికా సంఘం 1950లో, నీతి ఆయోగ్ 2015 జనవరి 1న ఏర్పడ్డాయి. 2005లో చట్టమైన గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మన నేల మీద జరిగిన ఇలాంటి విషయాలు పేదరికం, నిరుద్యోగం ప్రశ్నల్లో చక్కగా అమరుతాయి. పత్రికల్లో కొత్త అంకెలు కనిపిస్తే మార్జిన్‌లో రాసుకోండి. పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకంలోని అంకె ముందు, కొత్తది తర్వాత, రెండింటికీ సంవత్సరాలతో.

ప్రభుత్వ కాలేజీల్లో, గురుకులాల్లో తెలుగు మాధ్యమంలో చదివేవాళ్లకు ఒక మాట. తెలుగు అకాడమీ పుస్తకమే మీకు ఆధారం. దానికంటే మంచి గైడ్ లేదు. ప్రతి పాఠం చివర ఉన్న ప్రశ్నలన్నీ రాసి చూసుకోండి, పాత ప్రశ్నపత్రాలు కనీసం అయిదు సమయం పెట్టుకుని పూర్తి చేయండి. రాసినదాన్ని లెక్చరర్‌కు ఇచ్చి దిద్దమని అడగడానికి మొహమాటపడవద్దు. పారిభాషిక పదాలకు ఆంగ్లంలో ఏమంటారో ఒక పట్టికలో రాసిపెట్టుకుంటే డిగ్రీలో మాధ్యమం మారినప్పుడు ఇబ్బంది ఉండదు.

ఇంటర్ తర్వాత ఈ సబ్జెక్టు ఎటు తీసుకెళ్తుందో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. తెలంగాణలో డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్ ద్వారా అర్థశాస్త్రం ఉన్న బీఏ కోర్సుల్లో చేరవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, ప్రవేశం జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ కావాలంటే సీయూఈటీలో గణితం రాయాలి. కాబట్టి ఆ కోరిక ఉన్నవాళ్లు పదో తరగతి అయిన వెంటనే ఎంఈసీ తీసుకోవడం తెలివైన పని. పీజీ చేసినవాళ్లకు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్, జూనియర్ లెక్చరర్ పోస్టులు, రిజర్వు బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగపు అధికారి ఉద్యోగాలు ఉంటాయి. రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా పనిచేసిన వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు తెలుగువాళ్లే.

పీజీ దాకా వెళ్లని వాళ్లకూ ఈ చదువు వృథా పోదు. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు ఉంటే మూడోది పూర్తిగా ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి. దానికి 150 మార్కులు. పేదరికం, ప్రణాళికలు, వ్యవసాయం, జనాభా వంటి ఇంటర్ రెండో ఏడాది పాఠాలే అక్కడ ఇంకాస్త లోతుగా ఎదురవుతాయి. ఇంటర్‌లో బట్టీ పట్టినవాళ్లు డిగ్రీ అయ్యాక కోచింగ్ సెంటర్లో డబ్బు కట్టి అవే పాఠాలు మొదటి నుంచి వింటుంటారు. అందుకని పరీక్షలు అయిపోయాయని మీ పటాల నోట్‌బుక్కునూ, తెలుగు అకాడమీ పుస్తకాలు రెండింటినీ పాత కాగితాల వాడికి వేయకండి. దాచిపెట్టుకోండి.