డీజిలు తరిగిన లారీ – మనము నేర్వవలసిన పాఠము

మన సంఘ సభ్యులలో లారీ నడుపువారు తక్కువ. లారీ కొరకు ఎదురుచూచువారు ఎక్కువ. నూలు రావలెనన్నను, నేసిన సరుకు పోవలెనన్నను లారీయే దిక్కు. త్రోవలో లారీ ఆగినచో దాని వెనుక మగ్గములును ఆగును. కావున ఈ విషయమును పాఠముగా తీసికొనుచున్నాము.

ఒక పండుగకు ముందు మా నూలు బేళ్లతో గుంతకల్లు వైపు నుండి బళ్లారికి వచ్చుచున్న లారీ, సరిహద్దు ఇంక కొద్ది దూరమున్నదనగా రాత్రివేళ నిలిచిపోయినది. టాంకు అడుగంటినదని డ్రైవరు ముందే ఎరుగును. సరిహద్దు దాటి పోయించుకొందమని ఓపిక పట్టెను. డబ్బాతో డీజిలు తెచ్చి పోసినను ఇంజను పలుకలేదు. మెకానిక్కు తెల్లవారిన పిదప వచ్చెను. బేళ్లు మాకు చేరునప్పటికి మధ్యాహ్నమైనది. కండెలు చుట్టు స్త్రీలును, నేతగాండ్రును ఒక పూట కూలి పోగొట్టుకొనిరి.

డ్రైవరు అట్లేల చేసెను? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినపుడు పాత బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారితో కూడిన మిగిలిన తాలూకాలు మైసూరునకును చేరినవి. చుట్టరికములు, వ్యాపారము హద్దు దాటుచునే యున్నవి గాని పన్నులు మాత్రము హద్దు వద్ద మారును. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినను డీజిలు దానిలో చేరలేదు. ఏ రాష్ట్రపు పన్ను దానిదే. ఇటీవలి సంవత్సరములలో ఆంధ్రము కంటె కర్ణాటకలో డీజిలు ధర తక్కువగా నున్నది. అందుచే లారీలు ఖాళీ టాంకులతో హద్దు వైపు పరుగిడుచున్నవి.

ఇక ఇంజను సంగతి. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో నడిపి చూపిన ఈ యంత్రములో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కగా అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా అది తనంతట మండును. అట్లు చిమ్ముటకు గొప్ప ఒత్తిడి కావలెను. ద్రవమును నొక్కిన ఒత్తిడి పుట్టును. గాలిని నొక్కిన అది కుదించుకొని పోవును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

టాంకులో డీజిలు తరిగినపుడు ఎత్తు పల్లములలోను, మలుపులలోను అది ఒక ప్రక్కకు పోవును. పీల్చు గొట్టము మూతి తేలిపోయి గాలిని పీల్చును. ఇంజను దగ్గును, తడబడును, బలము తగ్గును, తుదకు ఆగును. మగ్గముపై కండెలో నూలు అయిపోయినను నాడె అటునిటు పోవును గాని పేక పడదు. పంపులో గాలి చేరినపుడును అంతే. కండె మార్చినంత మాత్రమున పని తీరదు, పోగు అందించవలెను గదా! అట్లే డీజిలు పోసినంత మాత్రమున చాలదు. గొట్టములలోని గాలిని వెడలగొట్టవలెను.

నష్టము ఆగుటతో తీరదు. చిమ్ము పంపునకు డీజిలే జిడ్డు, డీజిలే చల్లదనము. అది లేక తిరిగిన లోహము లోహముతో ఒరసికొని అరుగును. టాంకు అడుగున చేరిన మురికి, నీరు కొద్దిపాటి డీజిలుతో కలసి అల్లాడి ఫిల్టరునకు పోవును. ఇంజను ఆగినచో స్టీరింగు బరువెక్కును. గాలి బ్రేకులకు క్రొత్త గాలి చేరదు. నిలువయున్న గాలిని పదే పదే పెడలు త్రొక్కి వ్యయపరచరాదు. బండిని మెల్లగా రోడ్డు ప్రక్కకు తీయవలెను.

ఆగిన పిదప చేయవలసిన పనులు ఇవి:

1. హెచ్చరిక దీపములు వేసి, త్రికోణపు గుర్తును వెనుక దూరముగా నుంచవలెను. చక్రములకు రాళ్లు పెట్టినచో బయలుదేరునపుడు వానిని తప్పక తీసివేయవలెను. రాత్రివేళ రోడ్డుపై విడిచిన రాయి మరియొకరి ప్రాణము తీయగలదు.

2. శుభ్రమైన డబ్బాతో, జల్లెడ గల గరాటుతో డీజిలు పోయవలెను. మన వారు వెంటనే దూదియో, నూలు వ్యర్థమో తుడుచుటకు అందింతురు. వద్దు. ఆ పీచు టాంకులో పడి ఫిల్టరును మూసివేయును.

3. పాత రకపు ఇంజనులలో ఫిల్టరుపై గాలి తీయు మరను సడలించి, చేతి పంపును నొక్కవలెను. మొదట నురుగు వచ్చును. నురుగు లేని డీజిలు వచ్చినపుడు మర బిగింపవలెను.

4. కామన్ రైలు గల క్రొత్త ఇంజనులలో అధిక ఒత్తిడి గొట్టములను ఎన్నడును సడలించరాదు. అందలి డీజిలు చర్మమును చీల్చుకొని పోగలదు. తయారీదారు చెప్పిన పద్ధతిని ఎరిగిన మెకానిక్కునే పిలువవలెను.

5. స్టార్టరును ఆపకుండ త్రిప్పరాదు. కొన్ని సెకన్లు త్రిప్పి, కొంతసేపు ఆపవలెను. లేనిచో బాటరీయు పోవును, స్టార్టరును కాలును.

ఇప్పుడు లెక్క చూతము. లీటరునకు ఆరు రూపాయల తేడా యనుకొందము. సరిహద్దు చేరుటకు పది లీటర్లు ఇవతలనే పోయించినచో అదనపు వ్యయము అరువది రూపాయలు. మిగిలిన టాంకును అవతల నింపుకొనవచ్చును, లాభము పోదు. ఆ అరువది రూపాయలు మిగుల్చబోయి మెకానిక్కు కూలి, ఒక రాత్రి, ఒక పూట నేత పోగొట్టుకొనుట ఏపాటి పొదుపు? మా బేళ్ల విషయములో జరిగినది ఇదియే.

తప్పు డ్రైవరుపై త్రోసివేయుట సులభము. కాని బాడుగను గీచి గీచి బేరమాడి, డీజిలు ఖర్చు అతని నెత్తిన పెట్టినది మనమే. కావున బాడుగ కుదుర్చుకొనునపుడే, టాంకు పావు వంతునకు తగ్గక మునుపే డీజిలు పోయింపవలెననియు, సరిహద్దు చేరుటకైన అదనపు వ్యయము సరుకుదారు భరించుననియు మాట అనుకొందము. కండె పూర్తిగా కాకమునుపే రెండవ కండెను చేతికందునట్లు ఉంచుకొనువాడే మంచి నేతగాడు. ఆ జాగ్రత్తనే లారీ విషయములోను చూపుదము.