అజాగ్రత్త ఎవరిది?

ప్రమాదవార్త రాయమని మేడమ్ చెప్పినప్పుడు తరగతిలో దాదాపు అందరం "అతివేగంగా, అజాగ్రత్తగా" అనే రాశాం. ఆ రెండో మాట మా ఇంట్లో రెండేళ్లుగా నలుగుతోంది. హోసూరు దారిలో సిగ్నల్ దగ్గర ఆగివున్న మా పెద్దనాయన కారును వెనకనుంచి ఇంకో కారు గుద్దింది. కారుకు బంపర్ పోయింది, అంతే. ఆయనకు మాత్రం నెలల తరబడి మెడకు పట్టీ. నష్టపరిహారం కేసు ఇంకా నడుస్తోంది.

వెనకనుంచి దెబ్బ తగిలితే సీటు ఒంటిని ముందుకు తోస్తుంది, తల ఒక్క క్షణం వెనకే ఉండిపోతుంది. మెడ కొరడాలా విదులుతుంది. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు కనబడదు గానీ నొప్పి పోదు. "దెబ్బ ఎక్కడుంది, చూపించండి" అని అవతలివాళ్లు అడిగేది ఇక్కడే.

ఇలాంటి గుద్దుళ్లను ఆపడానికి వోల్వో కంపెనీ 2008లో ఎక్స్‌సీ60 కారులో సిటీ సేఫ్టీ అనే ఏర్పాటు తెచ్చింది. ముందు అద్దం పైభాగంలో ఉన్న లేజర్ సెన్సర్ ఎదుటి బండిని చూస్తూ ఉంటుంది. సుమారు 30 కి.మీ. లోపు వేగంలో డ్రైవర్ బ్రేకు వెయ్యకపోతే కారే వేసుకుంటుంది. అమెరికాలో ఇన్సూరెన్స్ లెక్కలు చూసే హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2011లో ఈ కారును ఆ తరగతి మిగతా కార్లతో పోల్చింది. ఎదుటివాళ్ల ఆస్తినష్టం క్లెయిములు 27 శాతం, గాయాల క్లెయిములు 51 శాతం తక్కువగా ఉన్నాయి. గాయాలే ఎక్కువ తగ్గాయి చూడండి. కారు పూర్తిగా ఆగకపోయినా సరే, వేగం సగానికి తగ్గితే దెబ్బలోని శక్తి నాలుగో వంతే మిగులుతుంది. బంపర్ సొట్ట పోతుంది గానీ మెడ మిగులుతుంది.

అయితే క్లెయిములు తగ్గినా ఒక్కో రిపేరు ఖర్చు పెరుగుతుంది. అద్దం మారిస్తే కెమెరాను మళ్లీ సరిచూడాలి కదా! ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యమనిపించింది. నడిచేవాళ్లను గుర్తించి ఆగే బ్రేకులను అక్కడే 2022లో పరిశీలిస్తే, వీధిదీపాలు లేని చీకట్లో వాటివల్ల తేడా ఏమీ కనబడలేదు. మన ఊళ్ల పక్క రోడ్లు రాత్రిపూట ఎట్లుంటాయో మీకు తెలుసు.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహారం అడిగేవాళ్లు అవతలి డ్రైవర్ అజాగ్రత్తను నిరూపించాలి. రేపు కారే తనంతట తాను ఉలిక్కిపడి ఆగితే, వెనకవాడు గుద్దితే? వెనక వచ్చేవాడు తగినంత దూరం పాటించాలన్న రూలు ఎలాగూ ఉంది. అయినా బ్రేకు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అన్నదానికి కారులోని రికార్డు సాక్ష్యమౌతుంది. లాయర్ల వాదన ఇకపై మనుషుల జ్ఞాపకం మీదకంటే దాని మీదే నడుస్తుందని నా ఊహ.

పెద్దనాయన కేసులో అవతలి లాయరు ఇచ్చిన జవాబు ఇంగ్లీషులో ఉంది. నేనే చదివి తెలుగులో చెప్పాను: "మీరు అజాగ్రత్తగా, హఠాత్తుగా బ్రేకు వేశారట." ఆయన మెడ తిప్పలేక మనిషంతా నావైపు తిరిగి, "నిలిచే ఉన్న బండికి బ్రేకేందమ్మా?" అన్నారు. ఆయన కారు 2009 నాటిది. అందులో రికార్డు చేసే పెట్టె ఏదీ లేదు. వాయిదా వచ్చే నెలకు పడింది.