బోర్డు మీద లేని నిబంధనకు డబ్బు వదులుకోవాలా?

ప్రశ్న: మాది జనగామ. మా అబ్బాయిని హైదరాబాద్‌లో ఒక ఇండోర్ షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లాను. పెల్లెట్ వేయకుండా ట్రిగ్గర్ నొక్కాడని అందరి ముందూ కేకలేసి బయటికి పంపేశారు. ఆ నిబంధన ఎక్కడా రాసి లేదు. డబ్బు కూడా తిరిగివ్వలేదు. ఏం చేయాలి?

జవాబు: వెంటనే ఆపమనడం వరకు సిబ్బందిది తప్పు కాదండి. అంతర్జాతీయ పోటీల్లోనూ అనుమతి లేకుండా ఖాళీ ట్రిగ్గర్ నొక్కనివ్వరు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లే అయినా కన్ను పోగొట్టగలదు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి, ‘స్టాప్’ అంటే ఆగిపోవాలి.

అయితే ఇవన్నీ తుపాకీ చేతికిచ్చే ముందే చెప్పాల్సింది వాళ్లు. చెప్పకుండా, గోడ మీద రాయకుండా, తెలియని పిల్లాణ్ని అవమానించడం నా దృష్టిలో కచ్చితంగా సేవాలోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సేవకు డబ్బు వాపసుపై బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి.

రసీదు దాచండి. జరిగింది రాసి మేనేజర్‌కు పంపండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రేంజ్ హైదరాబాద్‌లో ఉన్నా, మీరుండే ప్రాంతపు కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.