మొగ్గ విచ్చే వయసు: బడిలో శరీరవిద్యను తల్లిదండ్రులే అడగవలెను

పూలమొగ్గలో పరిమళం ఉన్నదా, లేదా అని ఎవరైనా అడిగితే ఏమని చెప్పగలము? వాసన చూస్తే తెలియదు. అట్లని లేదనీ అనలేము. మొగ్గ విచ్చిన నాడు ఆ పరిమళమే బయటపడుతుంది. బాలబాలికల దేహంలో యౌవన లక్షణాలు కూడా ఇట్లే అవ్యక్తంగా ఉండి, వయసు వచ్చినపుడు వ్యక్తమవుతాయని సుశ్రుతాచార్యుడు వివరించినాడు.

నా పదహారవ ఏట, మా గురువుగారి ఇంటి అరుగు మీద శారీరస్థానం పాఠం మొదలైన రోజున ఆయన ఈ ఉపమానంతోనే ప్రారంభించినారు. ఆర్తవం, శుక్రం, గర్భోత్పత్తి అనే మాటలు వచ్చేసరికి మేము నలుగురు శిష్యులమూ తలలు వంచుకొన్నాము. గురువుగారు పాఠం ఆపి, "ఏమర్రా, నిన్న కంటిని గురించి చెప్పినపుడు తల వంచలేదే! ఇదీ శరీరమే కదా" అన్నారు. లోపల బియ్యం ఏరుకొంటున్న గురుపత్నికి కూడా ఆ మాట వినిపించే ఉంటుంది. ఆమె చేట ఆగలేదు. ఆ రోజుతో మా సిగ్గు పోయినది, గౌరవం మిగిలినది.

ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు వయసుకు తగిన లైంగిక విద్య కావలెనని తల్లిదండ్రులు అడగడం సబబేనా, అడిగితే ఏమి అడగవలెను, ఇంట్లో ఏమి చెప్పవలెను అనే విషయాలను ఈ వ్యాసంలో విచారింతాము.

శాస్త్రం దాచలేదు

ఆయుర్వేదం ఎనిమిది అంగాలు గలది. వాటిలో వాజీకరణం ఒక అంగం. స్త్రీకి పన్నెండవ ఏటి ప్రాంతంలో రజస్సు ఆరంభమై ఏభయ్యవ ఏటి ప్రాంతంలో నిలిచిపోతుందని సుశ్రుత సంహిత చెప్పినది. పదహారేండ్లు నిండని స్త్రీకి, ఇరవై అయిదేండ్లు నిండని పురుషునికి కలిగిన గర్భం నిలువదనీ, నిలిచినా ఆ శిశువు అల్పాయువో దుర్బలుడో అవుతాడనీ హెచ్చరించినది కూడా ఆ సంహితయే. చరకాచార్యుడు దేహాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే వాటిని పేర్కొన్నాడు. బ్రహ్మచర్యమంటే అజ్ఞానం కాదు. దేనిని నిగ్రహించవలెనో తెలియనివాడు నిగ్రహించేది ఏమున్నది?

ఇంత స్పష్టంగా చెప్పిన శాస్త్రానికి వారసులమైన మన ఇళ్లలో నేటి పరిస్థితి ఎట్లున్నదో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏండ్ల స్త్రీలలో 18 ఏండ్లు నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం ఉన్నారు. 15 నుంచి 19 ఏండ్ల బాలికలలో రక్తహీనత గలవారు దేశం మొత్తం మీద 59 శాతం.

నా పొరపాటు

2005లో కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి పాఠశాలలలో కౌమార విద్యా కార్యక్రమాన్ని చేపట్టినవి. 2007లో దానిపై పెద్ద దుమారం రేగినది. మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ మొదలైన రాష్ట్రాలు దానిని నిలిపివేసినవి. 2009లో శ్రీ ఎం. వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన గల రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా పాఠశాలలలో లైంగిక విద్య ఉండరాదని అభిప్రాయపడినది.

ఆ రోజులలో మా ఊళ్లో జరిగిన ఒక సభలో నేనూ మాట్లాడినాను. "ఇది మన సంప్రదాయం కాదు. పిల్లలకు తెలియనిది నేర్పి చెడగొట్టవద్దు" అన్నాను. చప్పట్లు కొట్టినారు. గురువుగారి అరుగు ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

2010 ప్రాంతంలో ఒక తల్లి తన పదేండ్ల కూతురిని మా వైద్యశాలకు తీసుకొని వచ్చినది. పిల్లకు సాయంత్రం అయ్యేసరికి కడుపునొప్పి. నాడి చూచినాను, నాలుక చూచినాను. వాతమని నిశ్చయించి హింగ్వాష్టక చూర్ణం మజ్జిగతో ఇచ్చినాను, వాము కషాయం చెప్పినాను. రెండు నెలలు గడిచినా నొప్పి తగ్గలేదు. ఆదివారాలు మాత్రం రాదు. ఆ సంగతి ఆ తల్లి చెప్పనే చెప్పినది. నేను పట్టించుకోలేదు.

చివరకు అమ్మమ్మ ఒళ్లో పడుకొని ఆ పిల్ల ఏడ్చినప్పుడు విషయం బయటపడినది. సాయంత్రం పాఠాలు చెప్పే, ఇంటికి బాగా తెలిసిన మనిషి. "అక్కడ చెయ్యి వేస్తాడు" అని మాత్రమే చెప్పగలిగినదట. ఆ అవయవానికి ఆ పిల్లకు పేరు తెలియదు. అది తప్పు అని తెలియదు. తెలిసినా ఎవరికి చెప్పవలెనో తెలియదు. పరువు పోతుందని ఆ కుటుంబం పాఠాలు మాన్పించి ఊరుకొన్నది. అతని మీద ఫిర్యాదు చేయలేదు.

ఆ తల్లి నన్ను నిందించలేదు. "బడిలో ఒక్క పాఠం చెప్పి ఉంటే నా బిడ్డ రెండు నెలలు ముందే చెప్పి ఉండేదండీ" అని మాత్రం అన్నది. నేను సభలో అడ్డుపడినది ఆ పాఠానికే. నలభై ఏండ్లకు పైగా వైద్యం చేస్తున్నాను. నేను ఇచ్చిన మందులలో ఆ చూర్ణం తలపుకు వచ్చినంతగా మరేదీ రాదు.

ఇది ఒక్క ఇంటి మాట కాదు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా, సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామన్నారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారే, నమ్మకస్థులే.

మగపిల్లలనూ మరువరాదు

పధ్నాలుగు, పదిహేనేండ్ల బాలురు నిద్రలో స్ఖలనం కావడం చూచి భయపడి, గోడల మీది ప్రకటనలు నమ్మి, ఇంట్లో డబ్బు తీసి, "ధాతునష్టం" మందులు కొంటున్నారు. ఈ విషయంలో మా వృత్తి పేరు చెప్పుకొని వ్యాపారం చేసేవారి పాపం కూడా ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. ఆ వయసులో స్వప్నస్ఖలనం వ్యాధి కాదు. దానికి మందు అక్కరలేదు. ఈ రెండు వాక్యాలు తండ్రి గాని, ఉపాధ్యాయుడు గాని చెబితే ఎందరో బాలురకు నిద్ర పడుతుంది, చదువు సాగుతుంది.

ఇప్పుడు మార్గం ఉన్నది

2012లో పోక్సో చట్టం వచ్చినది. 18 ఏండ్ల లోపు వారందరూ ఈ చట్టం దృష్టిలో బాలలే. నేరం జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం చట్టరీత్యా విధి. నాకు, మీకు, బడి పంతులుగారికి అందరికీ ఇది వర్తిస్తుంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది.

2020లో ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైనది. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు, వీలైనంతవరకు ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉండేటట్లు శిక్షణ ఇచ్చి, వారానికొక గంట బోధింపవలెనని అందులో నియమం. ఎదుగుదల, మానసిక ఆరోగ్యం, పోషణ, ప్రజనన ఆరోగ్యం, హింస నుండి రక్షణ, ఇంటర్నెట్‌ను సురక్షితంగా వాడుట మొదలైన 11 అంశాలు ఉన్నవి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమగ్ర లైంగిక విద్యా కార్యక్రమాలను అమలు చేసే విషయం పరిశీలింపవలసినదిగా కేంద్రానికి సూచించినది.

కాబట్టి తల్లిదండ్రులు క్రొత్తగా ఏదో కోరనక్కరలేదు. "ఆ వారానికొక గంట మా బడిలో జరుగుతున్నదా?" అని అడిగితే చాలు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగం మంది స్త్రీలు కావలెను. అడిగే చోటు అది.

2010లో ఆ తల్లి ప్రధానోపాధ్యాయునివద్దకు ఒంటరిగా వెళ్లినది. "పై నుంచి ఉత్తర్వు లేదమ్మా" అని పంపివేసినారు. 2023లో అదే బడిలో ముప్పయి మందికి పైగా తల్లులు, కొందరు తండ్రులు సంతకాలు చేసి కమిటీ ముందు పెట్టినారు. మొదటి సంతకం ఆమెదే. ఆమె పిల్లలు ఇప్పుడు ఆ బడిలో లేరు. నన్ను కూడా పిలిచినారు. సభలో లేచి 2007లో నేను అన్నది తప్పని చెప్పినాను. ఈసారి చప్పట్లు లేవు గాని, ఆ శనివారం నుంచి పాఠం మొదలైనది.

ఏ వయసుకు ఏది?

యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శిని కూడా వయసు ననుసరించి మెట్లు మెట్లుగా చెప్పమన్నదే గాని, అన్నీ ఒకేసారి చెప్పమనలేదు. ఇంట్లోనూ, బడిలోనూ ఈ క్రమం పాటించవచ్చును.

5 నుంచి 8 ఏండ్లు: శరీరంలోని అన్ని అవయవాలకు సరియైన పేర్లు. స్నానం చేయించే తల్లి, పరీక్షించే వైద్యుడు తప్ప ఇతరులు తాకరాని చోట్లు ఏవో. వైద్యుడు చూచినపుడు కూడా అమ్మగాని, నాన్నగాని ప్రక్కన ఉండవలెనని. "వద్దు" అనవచ్చుననీ, వెంటనే చెప్పవచ్చుననీ, చెబితే తిట్టమనీ.

9 నుంచి 12 ఏండ్లు: రజస్వల అగుట, గొంతు మారుట, రోమాలు మొలచుట వంటి మార్పులు రాకముందే వాటిని గురించి. ఈ పాఠం ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ కావలెను. అప్పుడే బడిలో ఎగతాళి ఆగుతుంది.

12 నుంచి 15 ఏండ్లు: గర్భం ఎట్లు కలుగుతుంది, అకాల గర్భం వలన కలిగే ప్రమాదాలు, ఎదుటివారి ఇష్టాయిష్టాలను గౌరవించుట, సెల్‌ఫోనులో వచ్చే అసభ్య చిత్రాలు నిజ జీవితం కావనే వివేకం.

15 ఏండ్ల తరువాత: గర్భనిరోధం, హెచ్.ఐ.వి. మొదలైన సుఖవ్యాధులు, వివాహ వయస్సు, పోక్సో చట్టం.

రెండు సందేహాలు

"చెబితే పిల్లలు చెడిపోరా?" ఇది నేను వేసిన ప్రశ్నయే. పలు దేశాలలో జరిగిన అధ్యయనాలను యునెస్కో సమీక్షించినది. ఇటువంటి విద్య వలన పిల్లలలో లైంగిక ప్రవర్తన పెరగలేదనీ, కొన్ని చోట్ల ఆలస్యమైనదనీ తేలినది. మనం చెప్పకపోతే పిల్లలు తెలుసుకొనకుండా ఉండరు. చేతిలోని ఫోను చెబుతుంది, అదీ వికారంగా చెబుతుంది.

"ఇది తల్లి చెప్పవలసినది కదా, బడి ఎందుకు?" తల్లి చెప్పవలసినదే. కాని ఎందరు తల్లులకు వారి తల్లులు చెప్పినారు? పైగా తప్పు చేసేవాడు ఇంటిలోనివాడే అయినపుడు ఆ బిడ్డకు బడి ఒక్కటే తలుపు.

ఇంట్లో పాటింపదగినవి

రజస్వల అయిన పిల్లకు చిమ్మిలి పెట్టడం మన పెద్దల ఆచారం. నువ్వులు, బెల్లం కలిపిన ఆ ఆహారం బలకరం. మానవద్దు. కాని ఒక్క పదకొండు రోజులతో సరిపెట్టక తోటకూర, మునగాకు, రాగులు, కొబ్బరి వారం వారం పెట్టండి. బడిలో ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను మాన్పించవద్దు. అది మన ఆహారానికి తోడే గాని పోటీ కాదు.

ఆ రోజులలో నొప్పికి పొత్తికడుపుపై వేడినీటి కాపడం, గోరువెచ్చని అల్లం కషాయం చాలును. నొప్పి బడి మాన్పించేంతగా ఉన్నా, రక్తస్రావం వారానికి మించినా వైద్యులకు చూపవలెను. గుడ్డలు వాడేవారు వాటిని దాచిపెట్టి నీడలో ఆరవేయక, సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరవేయవలెను.

తండ్రులకు ఒక మాట. కూతురు మూల కూర్చొన్న రోజున ఇల్లంతా గుసగుసలతో నింపక, "ఒంట్లో ఎట్లున్నదమ్మా?" అని పలకరించండి. కొడుకు స్నానాలగదిలో తలుపు మూసుకొని పడక గుడ్డలు ఉతుకుకొంటుంటే అరవకండి. సాయంత్రం నడకకు వెంట తీసుకొని వెళ్లి, మీకూ ఆ వయసులో అట్లే జరిగినదని చెప్పండి.

పిల్ల "కడుపునొప్పి" అంటే వాము నీళ్లు ఇవ్వండి, తప్పు లేదు. దానితోపాటు ప్రక్కన కూర్చొని, "ఏ వేళ వస్తున్నది, ఏ రోజు రావడం లేదు, ఎవరి దగ్గరకు వెళ్లాలంటే భయంగా ఉన్నది?" అని కూడా అడగండి. ఈ ప్రశ్నలు నేను ఇప్పుడు ప్రతి బిడ్డనూ అడుగుతున్నాను.